తాగకుండా తూలిన మనుషులు

నరాల వైద్యం చదువుకుంటున్న పిల్లలు ఇద్దరు ముగ్గురు ఈ మధ్య తిరుపతిలో మా ఇంటికి వస్తున్నారు. ఏ పుస్తకం చదవాలి, పై చదువుకు ఏ ఊరు వెళ్ళాలి అని అడుగుతారు. వాటికి నా దగ్గర మంచి జవాబులు లేవు. నేను చదివిన పుస్తకాలు పాతబడ్డాయి. పాతబడనిది ఒకటుంది. ఒక మనిషి తలుపు తోసుకుని గదిలోకి వచ్చి కుర్చీలో కూర్చునేలోపు ఆ మెదడు చేసే పని. ఉద్యోగం చేసినన్నాళ్ళూ దాన్ని చూస్తూనే ఉన్నాను, తనివి తీరలేదు. ఇప్పటికీ మా వీధిలో పూలమ్మే ఆవిడ నెత్తిన గంప, చంకలో బిడ్డ, చెవి దగ్గర ఫోనుతో గుంతల రోడ్డు దాటుతుంటే, చేతిలో కాఫీ చల్లారిపోయేదాకా అలా చూస్తుండిపోతాను.

ఈ వృత్తిలోకి వస్తున్నవాళ్ళ కోసం నాలుగు మాటలు రాయమని ఆ పిల్లలే అడిగారు. పదవులు, బదిలీలు, ఆఫీసు గొడవలు ఇందులో ఉండవు. ఒక పెద్ద సార్ గురించి, ఒక కుటుంబం గురించి రాస్తాను. నాకు ఈ పని అంటే ఏమిటో తెలిసింది వాళ్ళ వల్లే.

పెద్ద సార్ తెప్పించిన కాఫీ

నేను ఆసుపత్రి ఉద్యోగంలో చేరినప్పుడు మా నరాల విభాగానికి పెద్దగా ఉన్న ప్రొఫెసరును అందరం పెద్ద సార్ అనేవాళ్ళం. చిత్తూరు మనిషి, కోపిష్టి. తప్పు చేసినవాళ్ళను రోగుల ముందే తిట్టేవారు. అది నాకు అప్పుడూ నచ్చలేదు, ఇప్పుడూ నచ్చదు. భయంతో నేర్చుకున్న పాఠం పరీక్షదాకా ఉంటుంది, తర్వాత భయం ఒక్కటే మిగులుతుంది. కానీ ఆయనకు ఆశ్చర్యపోవడం తెలుసు. అంత చదివి, అన్నేళ్ళు పనిచేసి కూడా మనిషి నడకను మొదటిసారి చూసినట్టు చూసేవారు. అది మాత్రం నేను ఆయన దగ్గరే నేర్చుకున్నాను.

చేరిన కొత్తలో ఒకరోజు పిలిచి, "కింద క్యాంటీన్లో ఒక గ్లాసు కాఫీ తీసుకురామ్మా. అంచు దాకా పోయించు. చుక్క కింద పడకూడదు" అన్నారు. అటెండరు ఉండగా నాతో ఈ పని ఏమిటని ఒళ్ళు మండింది. అయినా వెళ్ళి తెచ్చాను. మెట్ల మీద ఎవరో తగలబోతే పక్కకు తప్పుకున్నాను, మోచేత్తో తలుపు తోశాను, గ్లాసు ఆయన బల్ల మీద పెట్టాను. చుక్క పడలేదు.

"ఎట్లా తెచ్చినావు?" అన్నారు.

"చేత్తో పట్టుకొని తెచ్చాను సార్. మెట్ల మీద ఒకాయన తగలబోయినా ఒలకనివ్వలేదు."

"పట్టుకునింది చెయ్యి. తెచ్చింది వేరే." తన మెడ వెనక, పుర్రె కింది భాగాన్ని వేలితో తట్టి చూపించారు. "మెట్టెక్కితే ఒళ్ళు ఎంత వంగతాదో, మెట్టెక్కకముందే దీనికి తెలుసు. కాఫీ ఎటు ఒలకబోతాదో ఒలకకముందే తెలుసు. ఆయప్ప నీకు తగలబోతే నీ మడమ, నీ నడుము, నీ మణికట్టు మూడింటికీ ఒకేసారి కబురు పంపించింది. ఇంతసేపూ నువ్వేం ఆలోచిస్తా ఉన్నావు?"

ఆయన్ని తిట్టుకుంటూ వచ్చానని ఆయనకు తెలుసు. నవ్వారు.

తర్వాత బోర్డు మీద బొమ్మ వేశారు. మెదడుకు వెనక, కింద, పిడికిలంత ఉండే చిన్నమెదడు. అందులో వరసగా నిలబడిన పెద్ద కణాలు. ఒక్కో కణం తన కొమ్మలన్నీ ఒకే పొరగా, విప్పిన విసనకర్రలాగా పరుచుకుని ఉంటుంది. ఆ కొమ్మల్లోంచి లక్షకు పైగా సన్నటి తీగలు దూరి వెళ్తుంటాయి. ఒక్కో తీగ ఒక్కో వార్త తెస్తుంది. కాలు ఎక్కడుంది, తల ఎటు తిరిగింది, కన్ను ఏం చూస్తోంది. ఆ పెద్ద కణం అన్నీ వింటుంది. విన్న తర్వాత అది పలికే మాట ఒక్కటే. ఆగు.

"అంతే. ఆగు అని తప్ప ఇంకో మాట దానికి రాదు" అన్నారు పెద్ద సార్. "ఏది ఎప్పుడు ఆపాలో, ఎంతసేపు ఆపాలో సరిగ్గా చెప్పి మనిషిని నడిపిస్తాది. నాట్యం చేసేవాళ్ళనైనా, గోడ మీద గారపని చేసేవాళ్ళనైనా."

ఆ మధ్యాహ్నం నేను గదిలోంచి బయటికి వచ్చి, వరండాలో అటూ ఇటూ పోతున్న మామూలు మనుషులను చూసి నిలబడిపోయాను. ఇంతమంది పడిపోకుండా ఎట్లా నడుస్తున్నారు అనిపించింది.

ఎస్తేరు

నేను రిటైరు కావడానికి కొన్నేళ్ళ ముందు ఎస్తేరు అనే అమ్మాయి ఓపీకి వచ్చింది. ఇరవై దాటి రెండు మూడేళ్ళు ఉంటాయి. సత్యవేడుకూ తడకూ మధ్య చిన్న పల్లె. శ్రీ సిటీలో ఒక ఫ్యాక్టరీలో నిలబడి చిన్న చిన్న విడిభాగాలు అతికించే పని. వెంట వాళ్ళమ్మ దీనమ్మ వచ్చింది. ఆరోజు లిఫ్టు పని చేయడం లేదు. ఓపీ రెండో అంతస్తులో. టోకెన్ నంబరు పిలిచేస్తారేమోనని ఆ అమ్మాయి మెట్లమీద పరుగెత్తుకుంటూ వచ్చిందట. కుర్చీలో కూర్చున్నప్పుడు మామూలుగానే ఉంది, కాస్త ఆయాసపడుతోంది అంతే.

నేను కూతురిని అడిగితే తల్లి చెప్పింది. "తాగినోళ్ళ మాదిరి తూలతాది మేడమ్. మాట ముద్దముద్దగా వస్తాది. కొన్ని గంటలు అట్లుండి, మళ్ళా ఏం జరగనట్టు లేసి కూసుంటాది. ఫ్యాక్టరీలో సూపర్‌వైజరు సూసి, తాగొచ్చినావా అని అందరి ముందరా అడిగినాడంట. ఇంటికి పంపించేసినారు."

"నేను తాగలా మేడమ్" అంది ఎస్తేరు. ఎన్నోసార్లు చెప్పి అరిగిపోయిన మాటలాగా, నేలచూపులు చూస్తూ.

"నోరు వాసన సూసినా. ఏమీ ల్యా" అంది తల్లి. "వాసన రానివి ఏమన్నా వచ్చినాయేమో. ఏందో, ఈ కాలం పిల్లోళ్ళు."

దీనమ్మ చెడ్డ తల్లి కాదు. ఆమె సంచిలో పిల్లకు తినిపించడానికి ఇడ్లీ పొట్లం ఉంది. ఎస్తేరును చెవి డాక్టరు దగ్గరికి తీసుకుపోయింది, మెదడు స్కాను తీయించింది, మనసు డాక్టరు ఇచ్చిన మాత్రలు మింగించింది, ఉపవాస ప్రార్థన చేయించింది. స్కాను మామూలుగా ఉంది. "బిడ్డకు ఏమీ లేదు, ఊరికే చేస్తోంది" అని ఒకచోట చెప్పి పంపారట. ఆ మాట పట్టుకుని తల్లీ కూతుళ్ళు ఇంట్లో ఎన్నాళ్ళుగానో గొడవపడుతున్నారు.

ఇక్కడ కొత్తగా వచ్చేవాళ్ళకు ఒక మాట. స్కాను మెదడు ఆకారం చూపిస్తుంది. ఆ లోపల కణాలు ఏం మాట్లాడుకుంటున్నాయో చూపించదు. ఆకారం బాగుండి మాట తప్పుతున్న మెదళ్ళు ఉంటాయి. "ఏమీ లేదు" అనే ముందు, లేనిది రోగమా, మన చూపా అని ఒక్క నిమిషం ఆగండి. పరీక్షలో తేలనిదల్లా నటన అనుకోవడం మా వృత్తికి పట్టిన పాత జబ్బు. నేను చూసిన మంచి డాక్టర్లలో కూడా అది ఉంది.

నేను వేలు చూపించి, తల కదపకుండా కళ్ళతో దాని వెంట రమ్మన్నాను. పక్కకు, పైకి, కిందికి. కిందికి చూసినప్పుడు ఆమె కళ్ళు నిలవలేదు. సన్నగా, గబగబా, కిందికి జారి మళ్ళీ పైకి లేస్తూ అదిరాయి. కళ్ళను అలా నటించడం ఎవరివల్లా కాదు.

మళ్ళీ చూద్దామని వేలు ఎత్తాను. ఈలోపు ఎస్తేరు కుర్చీ చేతులు రెండూ గట్టిగా పట్టుకుంది.

"వస్తాంది మేడమ్" అంది.

మెట్లమీద పరుగెత్తిందో, ఖాళీ కడుపో, తల్లి మాటలో, అన్నీ కలిసో, నా కళ్ళ ముందే మొదలైంది. కొద్దిసేపటికే మాట జారింది. నా వేలిని, తన ముక్కును మార్చి మార్చి తాకమంటే చెయ్యి నా వేలును దాటిపోయి గాల్లో తడుముకుంది, వెనక్కి వచ్చి చెంపకు తగిలింది. నిలబెడితే కాళ్ళు ఎడం చేసి, పడవలో నిలబడ్డట్టు ఊగింది. స్పృహ పూర్తిగా ఉంది. నేను అడిగినదానికల్లా సరైన జవాబు చెబుతోంది, నోరు మాత్రం సహకరించడం లేదు. ఆ కళ్ళలో సిగ్గు ఉంది. అది నేను మరిచిపోలేను.

పక్క గదిలో మంచం మీద పడుకోబెట్టి, దీనమ్మ వైపు తిరిగాను. ఆమె గోడకు ఆనుకుని నిలబడి కూతురినే చూస్తోంది.

"ఇంట్లో ఇంకెవరికైనా ఇట్లా వచ్చేదామ్మా?" అని అడిగాను.

గోడ వదిలి ఒక అడుగు ముందుకు వేసి అంది: "వాళ్ళ నాయన ఇట్లే తూలతా ఉండె. ఆయన తాగుబోతు మేడమ్."

"తాగడం మీరు చూశారా?"

ఆమె సంచిలోని ఇడ్లీ పొట్లం బయటికి తీసి, మళ్ళీ లోపల పెట్టింది.

యాకోబు సంగతి

ఎస్తేరు తేరుకోవడానికి సాయంత్రమైంది. అప్పటిదాకా రోగులను చూసుకుంటూ మధ్యమధ్య దీనమ్మ దగ్గరికి వెళ్ళి కొంచెం కొంచెంగా విన్నాను.

దీనమ్మ భర్త యాకోబు బేల్దారి మేస్త్రీ. గోడ కడితే దారం పెట్టి గీసినట్టు ఉండేదని దీనమ్మే చెప్పింది. పెళ్ళయిన కొత్తలోనే అప్పుడప్పుడూ మధ్యాహ్నం తూలుతూ ఇంటికి వచ్చేవాడు. గోడ పట్టుకుని, మాట ముద్దచేసి, వాంతి చేసుకుని పడుకునేవాడు. పొద్దు గుంకేసరికి మామూలే. "నేను తాగలేదు దీనా" అనేవాడు. ఆమె నోరు వాసన చూసేది. వక్కాకు వాసన తప్ప ఏమీ వచ్చేది కాదు. వాసన దాచడానికే వక్కాకు నములుతున్నాడని నమ్మింది.

ఆమె వెళ్ళి గుడిలో అయ్యగారికి చెప్పింది. వాళ్ళ సంఘంలో పాస్టరును అయ్యగారు అంటారు. ఆ అయ్యగారు యాకోబును పిలిచి మందలించాడు. మానేస్తానని ఒప్పుకో అన్నాడు. తాగనిది ఎట్లా మానేస్తానని యాకోబు అన్నాడు. తప్పు ఒప్పుకోలేదు కాబట్టి ఆయన్ని బల్ల నుంచి తీసేశారు. నెలకొకసారి సంఘమంతా కలిసి రొట్టె, ద్రాక్షరసం తీసుకోవడాన్ని వాళ్ళు బల్ల అంటారు. ఆ ఆదివారాల్లో అందరూ ముందుకు వెళ్తుంటే యాకోబు వెనక వరసలో కూర్చుని ఉండేవాడట. రావడం మాత్రం మానలేదు.

తర్వాత కొన్నేళ్ళకు ఒక ఇంటి పైగోడకు పూత వేస్తూ, నిలబడడానికి కట్టిన కట్టెల మీది నుంచి పడి చనిపోయాడు. తాగి ఎక్కినాడని ఊరంతా అనింది. దీనమ్మ కూడా కాదనలేదు.

ఇదంతా చెప్పి ఆమె నన్ను ఒకటే అడిగింది. "ఇది జబ్బా మేడమ్?"

"ఎస్తేరుది జబ్బే. ఆయనది నేను చూడలేదు కదా, ఇప్పుడే చెప్పలేను" అన్నాను. ఆ జవాబు ఆమెకు చాలదని తెలుసు. కానీ తెలియని విషయంలో ఓదార్పు కోసం తెలిసినట్టు చెప్పకూడదు. తర్వాత అది తప్పని తేలితే ఆ మనిషికి రెండు దెబ్బలు తగులుతాయి.

ఒక్క అక్షరం

నాకు వచ్చిన అనుమానం ఇది. మెదడు కణాలు ఒకదానితో ఒకటి విద్యుత్తుతో, రసాయనాలతో మాట్లాడుకుంటాయి. కణం గోడలో సన్నటి ద్వారాలుంటాయి. ఒక్కో రకం ద్వారం ఒక్కో లవణాన్ని లోపలికి వదులుతుంది. చిన్నమెదడులోని ఆ పెద్ద కణాలకు కాల్షియం ద్వారాలు ప్రాణం. సరిగ్గా ఆ క్షణానికి తెరుచుకోవాలి, సరిగ్గా ఆ క్షణానికి మూసుకోవాలి. అప్పుడే ఆ కణం తాళం తప్పకుండా పలుకుతుంది.

ఆ ద్వారాన్ని ఎట్లా తయారు చేయాలో చెప్పే రాత మన పుట్టుకతోనే ప్రతి కణంలో ఉంటుంది. మూడు వందల కోట్ల అక్షరాల గ్రంథంలో అది ఒక చిన్న అధ్యాయం. అందులో ఒక్క అక్షరం మారినా ద్వారం సగంలో ఆగిపోవచ్చు, తయారే కాకపోవచ్చు. తల్లి నుంచి ఒక ప్రతి, తండ్రి నుంచి ఒక ప్రతి వస్తాయి కాబట్టి ఒకటి చెడినా రెండోది పని చేస్తుంది. సగం ద్వారాలతో కణం మామూలు రోజుల్లో నెట్టుకొస్తుంది. పరుగు, జ్వరం, ఆకలి, అవమానం, భయం, వీటిలో ఏదో ఒకటి వచ్చిన రోజు తాళం తప్పుతుంది. వరసలోని కణాలన్నీ ఆగు అనాల్సిన చోట అనవు, అనకూడని చోట అంటాయి. కాళ్ళు, చేతులు, నాలుక, కళ్ళు దేనిదారి దానిదవుతుంది. కొన్ని గంటలకు మళ్ళీ తాళం కుదురుతుంది.

ఈ సంగతి పుస్తకంలో చదివినప్పుడు జ్ఞానం అనిపించింది. ఎస్తేరు మంచం పక్కన కూర్చుని, ఆమె మాట కొంచెం కొంచెంగా స్పష్టం కావడం విన్నప్పుడు మాత్రం ఒళ్ళు గగుర్పొడిచింది. కంటికి కనిపించని ఒక అక్షరం మారినందుకు ఒక అమ్మాయి ఉద్యోగం పోయింది. ఒక మేస్త్రీ బతికినన్నాళ్ళూ వెనక వరసలో కూర్చున్నాడేమో. ఇంత పెద్ద జీవితం అంత సన్నటి దారం మీద నడుస్తోందా అనిపించింది. అంతకంటే ఆశ్చర్యం, మనలో ఇంతమందికి ఆ దారం తెగకపోవడం.

పాత మాత్ర

ఈ జబ్బుకు ఒక మాత్ర ఉంది. కొత్తది కాదు. కంట్లో ఒత్తిడి పెరిగే నీటికాసుల జబ్బుకు కళ్ళ డాక్టర్లు ఎప్పటినుంచో వాడుతున్నదే. మామూలు మందుల షాపుల్లో దొరుకుతుంది. చిన్నమెదడు మీద అది ఎందుకు పని చేస్తుందో ఇప్పటికీ పూర్తిగా తెలియదు. కణాల చుట్టూ ఉండే ఆమ్లం పాళ్ళు మార్చి ద్వారాలను కుదుటపరుస్తుందని ఒక ఊహ. అందరికీ పని చేయదు. పని చేసినవాళ్ళకు మాత్రం చూసి తీరాలి.

జన్యు పరీక్షకు రక్తం పెద్ద నగరానికి పంపాం. రిపోర్టు రావడానికి వారాలు పడుతుంది. రిపోర్టు వచ్చాకే మందు మొదలుపెట్టాలని నా కింద పనిచేసే డాక్టరు ఒకరు అన్నారు. నాకు అది సరికాదనిపించింది. రోగం పేరు కాగితం మీద ఖాయమయ్యేదాకా మనిషిని తూలనివ్వడం జాగ్రత్త కాదు. మూత్రపిండాల సంగతి, మందు పడుతుందా లేదా అన్నది చూసుకుని, నీళ్ళు బాగా తాగమని చెప్పి ఆరోజే రాసిచ్చాను.

మళ్ళీ వచ్చినప్పుడు ఎస్తేరు తలుపు దగ్గర నుంచి కుర్చీదాకా నడిచింది. అంతకుముందు నడవలేదని కాదు. కానీ మొదటిసారి వచ్చినప్పుడు ఆమె పక్కన గోడ ఎంత దూరంలో ఉందో కొలుచుకుంటూ నడిచింది. ఈసారి గోడను చూడలేదు.

"ఒక్కసారీ రాలా మేడమ్" అంది. "బస్సు కోసం ఉరికినా రాలా. అమ్మతో కొట్లాడినా రాలా."

"ఇంకేమన్నా ఇబ్బంది?"

"వేళ్ళ కొనలు చిమచిమలాడతాయి. కూల్‌డ్రింకు తాగితే ఇనుం నాకినట్టుండాది." చెప్పి నవ్వింది. ఆ మాత్ర వేసుకునేవాళ్ళకు సోడా రుచి చెడిపోతుంది. జబ్బు తగ్గినందుకు అంత చిన్న జరిమానా కట్టిన మనిషి ఎంత సంతోషంగా ఉంటుందో ఆరోజు చూశాను.

ఫ్యాక్టరీకి నేను వివరంగా రాసి పంపాను. కొన్నాళ్ళకు మళ్ళీ పనిలోకి తీసుకున్నారు. ఆ సూపర్‌వైజరు అందరి ముందూ ఏమీ అనలేదు కానీ, పనిచోట ఒక కుర్చీ వేయించాడట. మనుషులు ఒక్కోసారి క్షమాపణ అట్లా చెప్తారు.

మాత్ర లేనివాళ్ళు

ఇది చదివి ఎవరూ అన్నిటికీ మాత్ర ఉందనుకోకూడదు. అదే ద్వారం, అదే అధ్యాయం, కానీ తప్పు ఇంకో రకంగా పడితే నడక మెల్లమెల్లగా, ఏళ్ళ తరబడి చెడిపోతుంది, తిరిగి రాదు. ఇంకా ఎన్నో రకాలున్నాయి. పుంగనూరు వైపు నుంచి అట్లాంటి అన్నదమ్ములు నా దగ్గరికి వచ్చేవారు. ప్రతిసారీ నడక కాస్త వెడల్పయ్యేది. వాళ్ళకు నేను ఇవ్వగలిగింది వ్యాయామం, చేతికర్ర, మింగేటప్పుడు జాగ్రత్తలు, నిజం. వాళ్ళ చెల్లెలికి ఇంకా ఏ లక్షణమూ లేదు. "నాకు పరీక్ష వద్దు మేడమ్, తెలుసుకోని నేనేం చేయాల?" అంది. ఆమెను ఒప్పించాలని మా జూనియర్లు ఉత్సాహపడ్డారు. నేను ఆపాను. మందు లేని చోట, తెలుసుకోకుండా బతికే హక్కు మనిషికి ఉంది. అది మన సైన్సుకు అవమానం కాదు. ఆ అన్నదమ్ములు నా గదిలోంచి వెళ్తూ ప్రతిసారీ నాకు నమస్కారం పెట్టేవారు. చేతులు రెండూ ఒకచోట కలవడానికి వాళ్ళు పడే శ్రమ చూసి నేను లేచి నిలబడేదాన్ని.

రిపోర్టు

ఎస్తేరు రిపోర్టు వచ్చింది. అనుమానించిన చోటే, ఆ అధ్యాయంలోనే తప్పు ఉంది. దీనమ్మను, ఎస్తేరు తమ్ముడు ప్రసాదును కూడా రమ్మన్నాను. ప్రసాదు లోడు ఆటో నడుపుతాడు. తనకే జబ్బూ లేదన్నాడు, అప్పుడప్పుడూ తలనొప్పి తప్ప. వేలు చూపించి కిందికి చూడమన్నాను. అక్కకు అదిరినట్టే అతని కళ్ళూ అదిరాయి. వాళ్ళ కళ్ళు అదిరే తీరు ఎంత ఒకటిగా ఉందంటే, ముక్కూ ముఖమూ పోలికలు దాని ముందు ఏపాటివి.

తల్లీ కొడుకుల రక్తం పంపాం. ప్రసాదుకు అదే చోట అదే తప్పు ఉంది. దీనమ్మకు లేదు.

ఆ ముగ్గురినీ కూర్చోబెట్టి చెప్పాను. "ఇద్దరు పిల్లలకూ ఒకే తప్పు వచ్చిందంటే అది తల్లీ తండ్రుల్లో ఒకరి దగ్గర్నుంచి వచ్చిందే. అమ్మ దగ్గర లేదు. ఆయన్ని పరీక్షించలేం కాబట్టి కాగితం మీద రాసివ్వలేను. కానీ నోటితో చెప్తున్నా. అది యాకోబు దగ్గర్నుంచే వచ్చింది. ఆయన తూలింది దీనివల్లే."

ఎస్తేరు తమ్ముడి చెయ్యి పట్టుకుంది. దీనమ్మ ఏడవలేదు. కొంగుతో బల్ల మీద లేని దుమ్ము తుడిచింది.

"ఆ మాత్ర అప్పుడూ ఉండిందా మేడమ్?" అని అడిగింది.

ఉండింది. అబద్ధం చెప్పాలనిపించింది. "ఉండిందమ్మా. కానీ ఇట్లాంటి జబ్బు ఒకటుందని మీ ఊరివైపు చెప్పేవాళ్ళు లేరు" అన్నాను.

ఆమె లేచింది. తలుపుదాకా వెళ్ళి వెనక్కి తిరిగి, "వచ్చే బల్ల ఆదివారం మా గుడికి మీరు రావాల. నేను చెప్తే నమ్మరు" అంది.

సాక్ష్యం

డాక్టరు రోగుల ఊళ్ళకు వెళ్ళకూడదని పెద్ద సార్ అనేవారు. మర్యాద చెడుతుందని ఆయన నమ్మకం. నేను ఆ మాట ఒప్పుకోలేదు. వెళ్ళాను.

రేకుల కప్పు గుడి. ఆడవాళ్ళు ఒకవైపు, మగవాళ్ళు ఒకవైపు చాపల మీద. ఇప్పుడున్నది కొత్త పాస్టరు. పాత అయ్యగారు బాగా ముసలివాడైపోయాడు, ముందు వరసలో కుర్చీ వేసి కూర్చోబెట్టారు. పాటలయ్యాక, సాక్ష్యం చెప్పేవాళ్ళు, అంటే తమ జీవితంలో జరిగింది అందరి ముందూ చెప్పుకునేవాళ్ళు, ఎవరైనా ఉంటే లేవండి అన్నారు. దీనమ్మ లేచింది.

"నా మొగుడు యాకోబు తాగలేదు" అంది. "ఆయనకు మెదడులో జబ్బు. నా బిడ్డలకు అదే వచ్చింది, డాక్టరమ్మ కనిపెట్టింది. తాగలేదని ఆయన నాకు ఎన్నోమాట్లు చెప్పినాడు. నేను నమ్మలా. నేనే పోయి అయ్యగారికి చెప్పినా. బతికుండగా ఆయనతో చెప్పుకోలేకపోయినా. అందుకే మీ అందరి ముందరా చెప్తాండా."

తర్వాత నన్ను పిలిచారు. అంతమంది ముందు కణాలు, ద్వారాలు ఏం చెప్పాలో తోచలేదు. మన ఒళ్ళు పడిపోకుండా మెదడు ఎట్లా కాస్తుందో, ఆ కాపలా ఒక్కోసారి ఎందుకు తప్పుతుందో, దానికి మందు ఉందని, అది తాగుడు కాదని చెప్పి కూర్చున్నాను.

ముసలి అయ్యగారు పక్కనున్న కుర్రవాళ్ళను పట్టుకుని లేచాడు. "నేను ఆయప్పను ఒప్పుకో ఒప్పుకో అన్నాను" అన్నాడు. "ఒప్పుకునుంటే బల్లకు రానిచ్చేవాణ్ణి. అబద్ధం చెప్పలేక వెనక కూసున్నాడు." చేతులు జోడించాడు. ఎవరికని కాదు, వెనక వరసల వైపు తిరిగి.

అప్పుడు ఆడవాళ్ళలో గోడ పక్కన కూర్చున్న ఒక పెద్దావిడ, "నాకూ వస్తాది" అంది.

ఆవిడ రాహేలమ్మ, యాకోబుకు సొంత అక్క. లేవలేదు, కూర్చునే చెప్పింది. "చిన్నప్పట్నించీ వస్తాది. నా తమ్ముణ్ణి ఏమన్నారో ఇన్నాను గదా. ఆడదాన్ని, నన్నూ అట్లే అంటారని ఎవురికీ చెప్పలా. వచ్చినప్పుడల్లా చాట ముందర పెట్టుకోని బియ్యం ఏరతా కూసుండేదాన్ని. కూసుంటే కనపడదు."

ఆరాధన ముగిశాక ఆవిడను గుడి అరుగు మీద వెలుతురులో కూర్చోబెట్టి, నా వేలిని చూడమన్నాను. పక్కకు, పైకి, కిందికి. కిందికి చూడగానే ఆ ముసలి కళ్ళు అదిరాయి. ఎస్తేరుకు అదిరినట్టే, ప్రసాదుకు అదిరినట్టే. యాకోబును నేనెప్పుడూ చూడలేదు. ఆ మధ్యాహ్నం చూసినట్టయింది.

దీనమ్మ నా భుజం పక్కన నిలబడి చూస్తోంది. "ఆయన కండ్లు గూడా ఇట్లే అదరతా ఉండెనా మేడమ్?" అని అడిగింది.

"ఉండే ఉంటాయమ్మా."

ఆమె అరుగు ముందు మోకాళ్ళ మీద కూర్చుంది. ఆడబిడ్డ ముఖాన్ని రెండు చేతుల్లోకి తీసుకుంది. "వదినా, ఒక్కసారి కిందికి సూడు" అంది. రాహేలమ్మ చూసింది.

"ఇన్నేండ్లు కాపురం చేసినా" అంది దీనమ్మ మెల్లగా. "ఆయన కండ్లలోకి ఇంత దగ్గరగా సూడలా."

రాహేలమ్మ, మరదలికి తనివి తీరేదాకా, కదలకుండా కూర్చుని చూడనిచ్చింది.